కేబిన్ మార్చేశారు: బాల్కనీ మేలా, బాత్రూం మేలా?

ప్రయాణానికి వారం ముందు క్రూజ్ కంపెనీ నుంచి మెయిల్ వస్తుంది. మీ కేబిన్ నంబర్ మారింది, అదనంగా పైసా తీసుకోకుండా బాల్కనీ కేబిన్ ఇస్తున్నాం అని. ఇంట్లో అందరికీ సంబరమే. కానీ ముందు బుక్ చేసుకున్నది వీల్‌చెయిర్ కేబిన్ అయితే, ఆ మెయిల్‌కి వెంటనే థాంక్స్ చెప్పేయకండి. కొవిడ్ రోజుల్లో ఇలా కేబిన్లు మారి ఇబ్బంది పడినవాళ్లున్నారు. కొవిడ్ ఆంక్షలు పోయినా ఆ అవస్థ పూర్తిగా పోలేదు. నోరోవైరస్ లాంటి వాంతులు, విరేచనాల జబ్బు ఓడలో పాకితే ఇప్పటికీ మనిషిని కేబిన్‌లోంచి కదలొద్దంటారు.

ఇదంతా ఒడిశాలోని బరంపురంలో కూర్చుని ఎందుకంటే, మన వైపు వాళ్లు కూడా క్రూజ్ ఎక్కుతున్నారు కాబట్టి. ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఓడల్లో ఉద్యోగాలు చేసే కుర్రాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. సరదాకి ఓడెక్కేవాళ్లు మాత్రం ఇప్పుడిప్పుడే మొదలయ్యారు. 2022 జూన్‌లో విశాఖ నుంచి చెన్నై వైపు క్రూజ్ నడిచింది, 2023లో అక్కడ క్రూజ్ టెర్మినల్ తెరిచారు. బరంపురంలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి విశాఖలో ఉంటాం. సింగపూర్‌లో ఉన్న పిల్లలైతే అక్కడి నుంచే టికెట్లు తీసి పంపుతున్నారు. తీసేది పిల్లలు, ఎక్కేది డెబ్బై దాటిన మోకాళ్లు.

కేబిన్లు ఎందుకు మార్చారో తెలిస్తే కంపెనీతో మాట్లాడటం తేలిక. 2020 మార్చి 14న అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అక్కడి క్రూజ్‌లను ఆపేసింది. అక్టోబరు 30న షరతులతో మళ్లీ దారి ఇచ్చింది. జబ్బుపడినవాళ్లను, వాళ్లతో మెలిగినవాళ్లను విడిగా ఉంచడానికి కొన్ని కేబిన్లు అట్టిపెట్టాలన్నది అందులో ఒకటి. ఓడలో కొత్తగా గదులు కట్టలేరు కదా, ఉన్నవాటిలోంచే కొన్ని తీసి పక్కన పెట్టారు. వాటిని ముందే బుక్ చేసుకున్నవాళ్లకు వేరే నంబర్ వచ్చింది. అందులో తప్పుపట్టడానికేమీ లేదు. తేడా వచ్చింది ఎక్కడికి మార్చారన్న దగ్గర. ధర లెక్కలో బాల్కనీ ఎప్పుడూ పైనే, కిటికీ లేని లోపలి కేబిన్ ఎప్పుడూ కిందే. గుమ్మం వెడల్పు ఆ లెక్కలోకి రాదు.

కిటికీ లేని వీల్‌చెయిర్ కేబిన్ మేలా, బాల్కనీ ఉన్న మామూలు కేబిన్ మేలా?

మా పెద్దమ్మకి పక్షవాతం వచ్చాక కుర్చీలోనే తిరుగుడు. 2022లో ఒక కంపెనీ ఇలాగే బాల్కనీ ఇస్తామంది. అన్నయ్య ఫోన్లో సముద్రం, సూర్యోదయం అని ఊరిస్తుంటే పెద్దమ్మ మధ్యలో ఆపేసి నాకేసి తిరిగింది: "కిటికీ ఏటి చేసుకుంటాన్రా? బాత్రూం తలుపు ఎంతుందో కనుక్కో ముందు."

టేపు తీసి కుర్చీ కొలిచాం. చక్రాల బయటి అంచు నుంచి అంచుకి 25 అంగుళాలు. అది కూడా చేతులు లెక్కలోకి రాకుండానే. తనే తోసుకునే మనిషి చక్రం పక్కనున్న రింగు పట్టుకుంటుంది, వేళ్ల కణుపులు ఇంకొంచెం బయటికి వస్తాయి. మా ఇంట్లో వంటగది గుమ్మం దాటేటప్పుడు ఆవిడ కుడిచేతి కణుపులు ఎప్పుడూ గీసుకుపోయి ఉంటాయి. ఓడల్లో మామూలు కేబిన్ తలుపు దాదాపు 23 అంగుళాలే ఉంటుంది. అంటే బాత్రూం దాకా వెళ్లక్కర్లేదు, కుర్చీ కేబిన్ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. బాత్రూం తలుపు చాలా ఓడల్లో ఇంకా సన్నం, పైగా నీళ్లు బయటికి రాకుండా ఎత్తుగా గడప. వీల్‌చెయిర్ కేబిన్‌లో గుమ్మం 32 అంగుళాల దాకా ఉంటుంది, లోపల కుర్చీ చుట్టూ తిరగడానికి దాదాపు అయిదడుగుల జాగా, గడప లేని షవర్, గోడకి పట్టుకునే కడ్డీలు, కూర్చుని అందుకునే ఎత్తులో బట్టల బీరువా.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. మామూలు బాల్కనీ కేబిన్లలో బాల్కనీ తలుపుకి కూడా ఎత్తయిన గడప ఉంటుంది. అది దాటలేని మనిషికి ఇచ్చిన బాల్కనీ అద్దంలోంచి చూసుకోవడానికే.

ఇక్కడిదాకా వింటే తీర్పు తేలిపోయినట్టే అనిపిస్తుంది. కానీ కిటికీని తీసిపారేయడానికి లేదు. 2020 ఫిబ్రవరి 5 నుంచి జపాన్‌లోని యోకొహామాలో డైమండ్ ప్రిన్సెస్ అనే క్రూజ్ ఓడని క్వారంటైన్‌లో పెట్టినప్పుడు అందులో 3,711 మంది ఉన్నారు, చివరికి 712 మందికి వైరస్ సోకింది. మన దేశంవాళ్లు 138 మంది, వాళ్లలో 132 మంది సిబ్బందే. లోపలి కేబిన్లవాళ్లకి రోజులో గాలి, వెలుతురు దొరికేది వంతులవారీగా డెక్కు మీదికి వదిలినప్పుడే. ఆ బాధ జపాన్ ప్రభుత్వానికీ తెలిసింది. 80 ఏళ్లు దాటినవాళ్లలో నెగెటివ్ వచ్చినవాళ్లను ముందుగా ఒడ్డుకి దింపాలనుకున్నప్పుడు, పాత జబ్బులున్నవాళ్లతో పాటు కిటికీ లేని కేబిన్లవాళ్లకి ప్రాధాన్యమిచ్చింది. మార్చి చివర్లో పనామా దగ్గర జాండమ్ ఓడ నుంచి ఆరోగ్యంగా ఉన్న వందల మందిని రాటర్‌డామ్ అనే ఇంకో ఓడలోకి మార్చారు. అక్కడా 70 దాటినవాళ్లు, లోపలి కేబిన్లవాళ్లు ముందు. కాబట్టి కిటికీ సోకు కోసం కాదు, తలుపు మూసేశాక రోజులు గడవడానికి అది కావాలి.

అయినా కుర్చీలోంచి లేవలేని మనిషికి నా ఓటు లోపలి వీల్‌చెయిర్ కేబిన్‌కే. వెలుతురు లేక దిగులు పడొచ్చు, కానీ బాత్రూంకి వెళ్లలేకపోతే మొదటి పూటే నీళ్లు తాగడం మానేస్తారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఊరి ప్రయాణాల్లో చేసేదీ అదే, రైలెక్కే ముందు నుంచే గ్లాసు పక్కన పెట్టేస్తారు. క్వారంటైన్‌లో అలా రోజుల తరబడి ఉంటే కొత్త రోగం తెచ్చుకున్నట్టే.

కర్రతోనో వాకర్‌తోనో నాలుగడుగులు వేయగలిగినవాళ్లకి లెక్క వేరు. వాళ్లు బాల్కనీ తీసుకోవచ్చు, షవర్‌లో కూర్చునే స్టూలు, ఎత్తు పెంచిన కమోడ్ సీటు ముందే పెట్టిస్తామని కంపెనీ రాసిస్తే. ఆయాసం ఉన్నవాళ్లకి, మూసిన గదిలో గుండె దడ వచ్చేవాళ్లకి, మతిమరుపు జబ్బుతో పగలూ రాత్రీ కలిసిపోయేవాళ్లకి బాల్కనీయే మేలు. అక్కడ నాకు సందేహం లేదు.

చెవుడు ఉన్నవాళ్లకి ఏ కేబిన్ అయినా ఒకటే అనుకుంటారు గానీ, వాళ్లకి మార్పే ముప్పు. తలుపు తడితే, అలారం మోగితే లైటు వెలిగే సామాను పాత నంబర్‌కి రాసి ఉంటుంది, మనిషి మాత్రం కొత్త నంబర్‌కి వెళ్తారు. క్వారంటైన్‌లో చాలా కబుర్లు స్పీకర్‌లోనే వస్తాయి, భోజనం తెచ్చేవాళ్లకి మాస్కు ఉంటుంది కాబట్టి పెదాలు చూసి అర్థం చేసుకోవడమూ కుదరదు. ప్రకటనలన్నీ రాతలో కావాలని ముందే అడగాలి. చూపు లేనివాళ్లు ఓడలో మొదటి రోజే లిఫ్ట్ నుంచి తలుపు దాకా దారి లెక్కపెట్టుకుని ఉంటారు. వాళ్లను మార్చక తప్పకపోతే లిఫ్ట్ దగ్గర, అదే వైపు ఇమ్మనడం మేలు.

పాజిటివ్ వస్తే: ఉన్న కేబిన్‌లోనా, ఐసోలేషన్ కేబిన్‌లోనా?

ప్రయాణం మధ్యలో మార్పు ఇంకా కష్టం, ఎందుకంటే అప్పుడు వద్దని దిగిపోయే వీలుండదు. పాజిటివ్ వచ్చినవాళ్లందరినీ ఒకచోట పెడితే డాక్టర్‌కి, సిబ్బందికి సులువు, మిగతావాళ్లకి రక్షణ. ఆ వాదన సరైనదే. కానీ పక్కన పెట్టిన ఆ వరుసలో ఒక్క వీల్‌చెయిర్ కేబిన్ కూడా లేకపోతే మనిషిని ఎక్కడ పెడతారు? వెయ్యికి పైగా కేబిన్లున్న ఓడలో కూడా ఇలాంటివి కొన్ని పదులకు మించవు. మా గంజాం జిల్లాలో 2020 మే నెల చూసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. సూరత్ నుంచి తిరిగొచ్చిన వలస కూలీలని పల్లెల్లో బడుల్లో క్వారంటైన్‌లో ఉంచారు. తరగతి గది ఒకచోట, మరుగుదొడ్డి మెట్లు దిగి వెనకాల. కాళ్లు బాగున్నవాళ్లకి అది కొన్నాళ్ల విసుగు, అంతే.

అందుకని వీల్‌చెయిర్ మనిషి ఉన్న కేబిన్‌నే ఐసోలేషన్ కేబిన్‌గా మార్చమనడం మేలు. బుక్ చేసేటప్పుడే ఈ ప్రశ్న వేయండి: మాకు పాజిటివ్ వస్తే మమ్మల్ని పెట్టే కేబిన్ గుమ్మం ఎంత? జవాబు రాకపోతే ఆ ఓడ మీకోసం కాదు.

తోడు మనిషి సంగతి కూడా ఉంది. అప్పట్లో ఒకే కేబిన్‌లో ఒకరికి పాజిటివ్, ఇంకొకరికి నెగెటివ్ వస్తే విడదీయడం మామూలే. స్నానం చేయించే కోడలు ఒక డెక్కులో, అత్తగారు ఇంకో డెక్కులో ఉంటే ఎలా? తోడు మనిషి ఇష్టపడితే కలిసే ఉంటారని ముందే రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి. తోడు మనిషికే ఒంట్లో బాగోకపోతే మాత్రం నేను పట్టుబట్టను, అప్పుడు రెండో తోడు ఎవరన్నది ఇంట్లోనే తేల్చుకోవాలి.

సర్దుకోవడమా, రీఫండా, క్రెడిటా?

క్రెడిట్ అంటే నగదు బదులు తర్వాతి ప్రయాణానికి వాడుకోమని ఇచ్చేది. మామూలు ప్రయాణికులకి కొవిడ్ కాలపు క్రెడిట్ మంచి బేరమే. 2020లో కొన్ని పెద్ద కంపెనీలు కట్టిన సొమ్ముకి 125 శాతం క్రెడిట్ ఇస్తామన్నాయి, నగదైతే నూటికి నూరే. కానీ మనకి కొరతగా ఉన్నది డబ్బు కాదు, వీల్‌చెయిర్ కేబిన్. వచ్చే ఏడాది ఓడలో అవి నిండిపోయి ఉంటే ఆ పాతిక శాతం ఎక్కువతో కొనేదేముంది? క్రెడిట్‌కి గడువుంటుంది, డెబ్బై దాటినవాళ్ల ఆరోగ్యం ఆ గడువు చూసుకోదు. కాబట్టి నగదే మేలు. తర్వాతి ఓడలో ఫలానా నంబర్ వీల్‌చెయిర్ కేబిన్ మీదే అని ఖాయం చేసి ఇస్తే తప్ప క్రెడిట్ వైపు చూడొద్దు. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోవద్దు, కేబిన్ నచ్చలేదని మానుకుంటే మామూలు పాలసీలు ఇవ్వవు.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఇంకో వీల్‌చెయిర్ కేబిన్, అదే ఓడలో, ఏ డెక్కయినా సరే. ఆ కేబిన్లు అవసరం లేనివాళ్ల చేతుల్లో ఉండటం కూడా జరుగుతుంది, వెడల్పుగా ఉన్నాయని తీసుకుంటారు మహానుభావులు. పెద్దమ్మకి చివరికి అలాగే దొరికింది, కింది డెక్కులో, కిటికీ లేకుండా. వెళ్లొచ్చింది కూడా.

ఏ ఓడ ఎక్కడి నుంచి బయల్దేరుతుందన్నదాన్ని బట్టి మన మాటకి బలం. అమెరికా రేవుల్లో ఆగే విదేశీ ఓడలకీ అక్కడి వికలాంగుల చట్టం వర్తిస్తుందని 2005లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. 2010 నుంచి అమల్లో ఉన్న వాళ్ల రవాణా శాఖ నియమాల ప్రకారం, వికలాంగులు బుక్ చేసుకున్న ఫలానా కేబిన్‌ని వాళ్లకే అట్టిపెట్టాలి. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. సౌకర్యాల ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదు, తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ప్రభుత్వానికి చెప్పింది. ఓడ దాకా అది ఎప్పుడు చేరుతుందో గానీ, ఇవాళ చేతిలో ఉన్న ఆయుధం వినియోగదారుల చట్టమే.

ఇవేవీ కాగితం లేకుండా నడవవు. గ్యారంటీ కేబిన్ అని చవగ్గా అమ్ముతారు, నంబర్ తర్వాత ఇస్తారు. కుర్చీ మనిషి ఉన్న ఇంట్లో ఆ మాటే ఎత్తొద్దు. కంపెనీ ప్రత్యేక అవసరాల ఫారం ఏజెంట్ నింపుతాడని వదిలేయకండి, నింపి పంపిన కాపీ మీ దగ్గర ఉండాలి. అందులో కుర్చీ వెడల్పు అంగుళాల్లో, మడిచేదా బ్యాటరీదా, గడప దాటగలరా లేదా రాయండి. కేబిన్ మార్చిన మెయిల్ వస్తే ఫోన్లో అరిచి ఊరుకోకుండా, పాత నంబర్, కొత్త నంబర్, కొత్తదాని గుమ్మం కొలత అడుగుతూ మెయిల్ పెట్టండి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ముంబైలో ఉన్నా సరే. టికెట్లకి కట్టింది అయిదు లక్షల లోపయితే ఫీజు కూడా లేదు.