పిస్తోలుకు లేజర్: పిడికా, రైలుకా?

అమెరికాలో ఇంటి రక్షణకు పిస్తోలు ఉంచుకునేవారికైతే పిడికి బిగించే లేజరే (గురిపెట్టిన చోట కాంతి చుక్క వేసే పరికరం) నయం. దాని స్విచ్ పిడి ముందువైపు ఉంటుంది; గట్టిగా పట్టుకుంటే చాలు, చుక్క వెలుగుతుంది. పాత హోల్‌స్టరే (పిస్తోలు పెట్టుకునే ఒర) సరిపోతుంది. చిక్కల్లా చూపుడువేలితోనే: ట్రిగ్గర్ మీద పెట్టకుండా ఫ్రేమ్ (పిస్తోలు ఒళ్లు) పక్కన ఆనించినప్పుడు అది కిరణానికి అడ్డొస్తుంది.

గొట్టం కింద ఉండే రైలుకు (పరికరాలు తగిలించే గాడి పట్టీ) తగిలించే లేజర్‌కు ఆ బాధ లేదు. కానీ చాలావాటికి మీట విడిగా నొక్కాలి, కంగారులో అదే మరిచిపోతారు. హోల్‌స్టర్ కూడా మార్చాలి.

రంగు సంగతి: ఎండలో ఎరుపు (635 నానోమీటర్లు) వెలవెలబోతుంది, ఆకుపచ్చ (520–532) నిలుస్తుంది, బ్యాటరీని మాత్రం తాగేస్తుంది.

ఏ లేజర్‌నైనా 7–10 గజాల దూరంలో, ఇనుప సైట్‌తో (పిస్తోలు మీదే ఉండే గురి గుర్తులు) సరిచూస్తూ చిన్న అలెన్ కీతో (ఆరు పలకల మర తిప్పే కీ) కొద్దికొద్దిగా తిప్పి సర్దాలి. లేజర్ గొట్టంతో ఒకే గీతలో ఉండదు కాబట్టి దూరం మారితే గుండు సరిగ్గా చుక్క మీదే పడదు.