మేపుల్ లీఫ్ గార్డెన్స్‌లో కూరగాయలు: టొరంటో లోబ్లాస్ రివ్యూ

టొరంటో డౌన్‌టౌన్‌లో కార్ల్‌టన్, చర్చ్ వీధులు కలిసే మూలన పసుపు ఇటుకల పాత భవనం ఒకటుంది. అదే మేపుల్ లీఫ్ గార్డెన్స్. 1931 నుంచి 1999 దాకా మేపుల్ లీఫ్స్ ఐస్ హాకీ జట్టుకి సొంత గడ్డ. 2011 చివర్లో కింద లోబ్లాస్ సూపర్ మార్కెట్ తెరిచారు. పైన, ఆ పాత గుమ్మటం కిందే, యూనివర్సిటీ వాళ్ల ఐస్ రింక్ ఉంది.

ముందు సరుకుల సంగతి. బ్రెడ్ బాగుంటుంది, వేడిగా దొరికితే ఇంకా బాగుంటుంది. చీజ్ కోసం ఏకంగా ఒక గోడే కట్టారు. పనీర్ తప్ప ఇంకోటి ఎరగని నాలాంటివాడికి దాని ముందు నిలబడితే కాస్త బెదురే. వండిన తిండి కొనుక్కుని అక్కడే కూర్చుని తినొచ్చు. గోంగూర, మునక్కాడలు కావాలంటే మాత్రం ఊరికి తూర్పున ఉన్న స్కార్బరో దారి పట్టాల్సిందే. ధరలంటారా, డౌన్‌టౌన్ కదా! నెల సరుకులకి కాదు, ఆ పూట వంటకి సరిపడా తెచ్చుకోడానికి వెళ్లండి.

నేను వెళ్లేది అసలు ఆ ఎర్ర చుక్క కోసం. షెల్ఫుల మధ్య నేల మీద పెయింట్ వేసి ఉంటుంది. పాత రింక్‌లో సరిగ్గా నడిమధ్య అదే. చాలామంది చూడకుండానే దాని మీంచి ట్రాలీ తోసుకుంటూ పోతారు.

మా పై అంతస్తులో ఉండే పెద్దాయన అలా పోడు. రిటైరైన బస్ డ్రైవర్, టొరంటోలోనే పుట్టి పెరిగాడు. కెనడా, సోవియట్ యూనియన్ మధ్య 1972లో జరిగిన ఎనిమిది మ్యాచుల సిరీస్ ఆయనకి కంఠతా వచ్చు. మొదలవ్వక ముందు ఇక్కడ అందరిదీ ఒకటే మాట, మనవాళ్లు ఊడ్చేస్తారని. రష్యా వాళ్లు ఒక్క మ్యాచ్ గెలిచినా నా కాలమ్ ముక్కలు చేసి బోర్ష్ అనే బీట్‌రూట్ సూపులో కలుపుకుని తింటానని టొరంటో విలేకరి డిక్ బెడోస్ రాశాడు. సెప్టెంబర్ 2న మాంట్రియల్‌లో సోవియట్ జట్టు 7-3తో ఉతికేసింది. బెడోస్ నిజంగానే తిన్నాడు. బీట్‌రూట్ల దగ్గరికి వచ్చినప్పుడల్లా పెద్దాయనకి ఈ కథ గుర్తొస్తుంది. నాకు బీట్‌రూట్ వేపుడు తప్ప ఇంకేం గుర్తొచ్చేది కాదు, ఇప్పుడు బెడోస్ కూడా గుర్తొస్తున్నాడు.

రెండో మ్యాచ్ సెప్టెంబర్ 4న, లేబర్ డే సోమవారం, ఇక్కడే జరిగింది. ఆఖరిదైన మూడో పీరియడ్‌లో కెనడా 2-1తో ముందుంది, కానీ ఒకడు పెనాల్టీ బాక్స్‌లో ఉన్నాడు. ఒక మనిషి తక్కువ. అప్పుడు పీటర్ మహోవ్లిచ్ పక్ (ఐస్ హాకీలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) పట్టుకుని ఒంటరిగా బయల్దేరాడు. పెద్దాయన ఆ చుక్క దగ్గర నిలబడి, చేతిలో ఉన్న పొడవాటి బ్రెడ్‌నే స్టిక్‌లా పట్టుకుని నాకు చూపించాడు. గట్టిగా కొట్టబోతున్నట్టు బ్రెడ్ పైకెత్తాడు, ఆపేశాడు. డిఫెండర్ అక్కడే బిగుసుకుపోయాడట. వాణ్ణి దాటి, సోవియట్ గోల్‌కీపర్ ట్రెట్యాక్ మీద పడుతూనే పక్‌ని లోపలికి తోసేశాడట మహోవ్లిచ్. "ఇటే, సూపు డబ్బాల వైపే ఆ గోల్" అన్నాడు పెద్దాయన. వెనక నుంచి ఎవరో ఒకావిడ ట్రాలీ ఆపి, "కాదు, అటువైపు" అంది. ఇద్దరూ పది నిమిషాలు వాదించుకున్నారు. బ్రెడ్ కొస విరిగింది. బిల్లు మాత్రం పూర్తిగా కట్టాం.

ఆ రోజు 4-1తో గెలవకపోయి ఉంటే మాస్కో దాకా ఆశే మిగిలేది కాదు, అందరూ చివరి గోలే తలుచుకుంటారని ఆయన బాధ. నాకూ అది నిజమే అనిపిస్తుంది. చివరి మ్యాచ్ మాస్కోలో, సెప్టెంబర్ 28న, గురువారం. బడిలో జిమ్‌లోకి టీవీ తెచ్చి పిల్లలందరినీ నేల మీద కూర్చోబెట్టారట. మూడో పీరియడ్ మొదలయ్యేసరికి కెనడా 3-5తో వెనకబడి ఉంది. 5-5 అయ్యాక, ఇంకా 34 సెకన్లుండగా పాల్ హెండర్సన్ గోల్ కొట్టి సిరీస్ గెలిపించాడు. అతను మేపుల్ లీఫ్స్ ఆటగాడే, అంటే ఈ భవనం మనిషే. ఆరు, ఏడు మ్యాచుల్లో గెలుపు గోల్స్ కూడా అతనివే. ఇంత చేసినవాడికి ఇదే ఊళ్లో ఉన్న హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు లేదు, ఓడిపోయిన ట్రెట్యాక్‌కి మాత్రం 1989లోనే ఇచ్చారు. ఆ ఊసెత్తితే పెద్దాయన కొనాల్సినవి మర్చిపోతాడు.

అవతలివైపు మాస్కోలో టీవీ ముందు కూర్చున్నవాళ్లకి ఆ 34 సెకన్లు, 1986 షార్జాలో చేతన్ శర్మ వేసిన ఆఖరి బంతి మనకెలాగో అలాగే అయ్యుంటాయి. ఆరో మ్యాచ్‌లో మనవాడు బాబీ క్లార్క్ కావాలని సోవియట్ స్టార్ ఖర్లామోవ్ చీలమండ మీద స్టిక్‌తో కొట్టిన సంగతి అడిగాను. ఏడో మ్యాచ్ ఖర్లామోవ్ ఆడలేకపోయాడు. "పాలు ఎక్కడున్నాయో చూడు" అన్నాడు పెద్దాయన.

షాపు వాళ్లు పాత నీలం కుర్చీలతో పెద్ద మేపుల్ ఆకు చేసి గోడకి పెట్టారు, దాన్ని కూడా చూడండి. ఆ చుక్క పక్కన 1972 గురించి రెండు ముక్కలు రాసిపెడితే బాగుండు. కిరాణాకి 5కి 3 ఇస్తాను, చుక్కకి 5కి 5. కాలేజ్ సబ్‌వే స్టేషన్‌లో దిగితే నడిచే దూరమే. పని రోజుల్లో పొద్దున పూట వెళ్తే రష్ తక్కువ, చుక్క దగ్గర తీరిగ్గా నిలబడొచ్చు. బ్రెడ్ రెండు తీసుకోండి.