ఇండక్షన్ స్టవ్‌కి స్టీలు గిన్నెలు కొంటున్నారా? అయస్కాంతం లేకుండా షాపుకి వెళ్లకండి

మా అత్తయ్య గాజువాకలో ఒక్కరే ఉంటారు. గ్యాస్ కట్టెయ్యడం రెండుసార్లు మర్చిపోయారు. ఆ టెన్షన్‌తోనే ఇండక్షన్ స్టవ్ కొన్నాం. గిన్నెల కోసం పూర్ణా మార్కెట్ వైపు ఒక షాపుకి వెళ్తే, “స్టీలే కదమ్మా, దేనిమీదైనా పనిచేస్తుంది” అని మూడు గిన్నెల సెట్టు 2,400 రూపాయలకి ఇచ్చారు. అడుగున 304 అని స్టీలు రకం నంబరు ముద్ర కూడా ఉంది, మంచి రకమే అనుకున్నాను.

ఇంటికొచ్చి నీళ్లు పోసి పెడితే స్టవ్ బీప్ బీప్‌మని ఆగిపోయింది. మూడు గిన్నెలతోనూ అదే. స్టవ్ పాడైందేమోనని అత్తయ్య ఇనప పెనం పెట్టి చూశాం, వెంటనే వేడెక్కింది.

అసలు సంగతి ఆ 304 లోనే ఉంది. ఇండక్షన్ స్టవ్‌లో మంట ఉండదు. లోపలి రాగి చుట్ట అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, దానికి గిన్నె అడుగే వేడెక్కాలి. అలా వేడెక్కాలంటే ఆ అడుగుకి అయస్కాంతం అంటుకునే గుణం ఉండాలి. కనీసం 8 శాతం నికెల్ ఉండే 304 కి అది ఉండదు. నికెల్ దాదాపు లేని 430 రకం స్టీలుకి ఉంటుంది. కాబట్టి నా గిన్నెలు నాసిరకం కావు, గ్యాస్ మీద బాగానే పనిచేస్తాయి. ఇండక్షన్‌కి పనికిరావు, అంతే.

షాపులో అయస్కాంతం పెట్టి చూపించారు కూడా! కానీ పక్కన, వంపు దగ్గర పెట్టారు. రేకుని సాగదీసి గిన్నెగా చేసినప్పుడు 304 కి కూడా వంపుల్లో కొద్దిగా ఆ గుణం వస్తుంది. స్టవ్‌కి అది చాలదు. గిన్నె బోర్లించి, అడుగున సరిగ్గా మధ్యలో మీ అయస్కాంతమే పెట్టండి. గట్టిగా లాగితేగానీ ఊడి రాకూడదు. ట్రైప్లై, అంటే మూడు పొరల గిన్నె అయితే మామూలుగా లోపల 304, మధ్యలో అల్యూమినియం, బయట 430 ఉంటాయి, నాకు అదే నయమనిపిస్తోంది. అడుగు మరీ చిన్నదైనా చాలా స్టవ్‌లు గిన్నెని గుర్తించవు. 430 కి తుప్పు త్వరగా పడుతుంది, మన సముద్రపు గాలికి తడి లేకుండా తుడిచి పెట్టుకోవాలి.

వాడిన సామాను వెనక్కి తీసుకోం అనేశారు షాపువాళ్లు. బిల్లులో “స్టీలు సామాను” అని మాత్రమే ఉంది. మీరు మాత్రం “ఇండక్షన్‌కి పనిచేస్తుంది” అని బిల్లు మీద రాయించుకోండి. షాపువాళ్లు మాట తప్పితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి చెప్పడానికి అదే ఆధారం.

అత్తయ్య ఇంకా గ్యాస్ మీదే వండుకుంటున్నారు. రోజూ రాత్రి ఫోన్ చేసి, కట్టేశారా అని అడుగుతున్నాను. ఈ ఆదివారం అయస్కాంతం పట్టుకుని మళ్లీ బజారుకి వెళ్తున్నాను.