మెదడుకి మంచిదంటూ అమ్ముతున్న చైనా మూలికల క్యాప్సూల్స్‌తో జాగ్రత్త

సింగపూర్‌లో ఉంటూ అమ్మానాన్నల్నో అత్తమామల్నో కొన్నాళ్ళు ఇక్కడికి తెచ్చుకునే తెలుగువాళ్ళు ఇది తప్పకుండా చదవండి.

మా మామగారికి మతిమరుపు మొదలైతే హైదరాబాద్‌లో న్యూరాలజిస్టు డోనెపెజిల్ రాశారు. స్టెంట్ వేశారు కాబట్టి రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ కూడా వాడుతున్నారు. ఇక్కడ ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర 'జ్ఞాపకశక్తికి గింకో' అనే క్యాప్సూల్స్ (గింకో అంటే ఒక చెట్టు, దాని ఆకుల సారం వాడతారు) కొనే ముందు, ఈ రెండు మందుల పేర్లూ చాట్‌లో రాసి, కలిపి వాడొచ్చా అని అడిగాం. "ఇది హెర్బల్, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు, దేనితోనైనా వాడొచ్చు" అన్నారు.

కొద్దిరోజులకే వాంతులు, విరేచనాలు, కళ్ళు తిరగడం. ఒకరోజు బాత్రూమ్‌లో పడిపోయారు. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే నాడి నిమిషానికి 40 దగ్గర ఉంది. ఆయన మింగేవన్నీ తెచ్చి చూపించమన్నారు డాక్టరు. డబ్బా మీద ఇంగ్లీషులో గింకో పేరొక్కటే ఉంది. వెనకవైపు సన్నటి చైనీస్ అక్షరాలు నర్సు చదివితే బయటపడింది, అందులో 'చియెన్ ట్సెంగ్ తా' కూడా ఉందని.

ఆ మొక్క శాస్త్రీయ నామం హూపర్జియా సెరాటా. దాన్నుంచి చైనా శాస్త్రవేత్తలు 1980లలో హూపర్జీన్-ఎ అనే పదార్థాన్ని వేరుచేశారు. చైనాలో దాన్ని అల్జీమర్స్‌కి మందుగానే ఇస్తారు. మెదడులో జ్ఞాపకశక్తికి అవసరమైన అసిటైల్‌కోలిన్ అనే రసాయనం తగ్గిపోకుండా, దాన్ని విడగొట్టే ఎంజైమును అది అడ్డుకుంటుంది. డోనెపెజిల్ చేసేదీ అదే పని. ఒకే పని చేసే మందులు రెండు ఒంట్లో పడితే కడుపులో తిప్పడంతో ఆగదు, గుండె వేగం కూడా పడిపోతుంది. మూలికలో సత్తా లేదని నేననడం లేదు. సత్తా ఉంది కాబట్టే డాక్టరుకి తెలియకుండా వాడకూడదు.

ఇక గింకో సంగతి. అమెరికాలో 75 ఏళ్ళు దాటిన 3,069 మంది మీద ఏళ్ళ తరబడి పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. రోజుకి రెండుసార్లు 120 మిల్లీగ్రాముల చొప్పున వాడినా మతిమరుపు జబ్బు రావడం తగ్గలేదు. పైగా రక్తం పల్చబరిచే మందులతో కలిస్తే రక్తస్రావం భయం ఉంది. క్లోపిడోగ్రెల్ పేరు చెప్పాక కూడా ఆ అమ్మకందారు దేనితోనైనా వాడొచ్చు అనడం చాలా దారుణం.

డబ్బా విప్పేశారు కాబట్టి డబ్బులు తిరిగివ్వం అన్నారు. డబ్బు పోతే పోయింది. అదే సరుకు ఇప్పుడు వేరే పేరుతో పెట్టి అమ్ముతున్నారు, నా టెన్షన్ అంతా దాని గురించే.

స్ట్రోక్ రాకుండా ముందుజాగ్రత్తగా అంటూ 'ఆన్‌గోంగ్ నియుహువాంగ్' ఉండలు కూడా మాకు అంటగట్టబోయారు. సంప్రదాయ సూత్రం ప్రకారం చేసిన ఆ ఉండల్లో ఇంగిలీకం, మనశ్శిల ఉంటాయి. అంటే పాదరసం, ఆర్సెనిక్. చైనా వైద్యంలోనే అది తీవ్రమైన జ్వరంతో స్పృహ తప్పినవాళ్ళ కోసం ఉన్న మందు. బాగున్న పెద్దవాళ్ళు మింగేది కాదు.

ఇక్కడ రెడీమేడ్‌గా అమ్మే చైనా సంప్రదాయ మందులు హెచ్‌ఎస్‌ఏ (మందుల్ని నియంత్రించే సింగపూర్ ప్రభుత్వ సంస్థ) జాబితాలో ఉండాలి, ఆన్‌లైన్‌లోనే వెతికి చూడొచ్చు. జాబితాలో ఉన్నా సరే, వెనకవైపు లేబుల్ ఫొటో తీసి, చైనీస్ వచ్చినవాళ్ళతో చదివించి, ఇండియాలో మందులు రాసిన డాక్టరుకి పంపండి. ఇప్పటికే వాడుతున్న పెద్దవాళ్ళకి కళ్ళు తిరుగుతున్నా, ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపిస్తున్నా, డబ్బా చేత్తో పట్టుకుని ఈరోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.