బహామాస్‌లో ఆరు వారాలు: మా పడవ మంచినీళ్ల యంత్రం కథ

2023 ఫిబ్రవరిలో నేను, మా ఆవిడ, విశాఖపట్నం నుంచి వచ్చిన మా మావగారు కలిసి మా 38 అడుగుల తెరచాప పడవలో అమెరికాలోని ఫ్లోరిడా తీరపు ఫోర్ట్ లాడర్‌డేల్ నుంచి బయలుదేరి, ఆరు వారాలు బహామాస్ దీవుల్లో తిరిగి వచ్చాము. గాలి అనుకూలించింది, పడవ ఎక్కడా మొరాయించలేదు, ముగ్గురిలో ఎవరికీ జ్వరమైనా రాలేదు. అయినా ఆ యాత్రను తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది, ఉప్పునీటిని మంచినీరు చేస్తుందని 6,600 డాలర్లు పోసి బిగించుకున్న యంత్రమూ, దానిని మాకు అంటగట్టిన ఫ్లోరిడా దుకాణదారుడూను.

అతను చూపించినది గంటకు 20 గాలన్లు, అంటే సుమారు 75 లీటర్లు ఇచ్చే 110 వోల్టుల వాటర్‌మేకర్. ధర 5,200 డాలర్లు, బిగింపు కూలి 1,400. మా పడవలో జనరేటర్ లేదని, 400 ఆంపియర్-అవర్ల (ఒక ఆంపియరు కరెంటు గంటసేపు వాడితే ఒక ఆంపియర్-అవర్) మామూలు లెడ్ బ్యాటరీలు, 400 వాట్ల సౌర పలకలు, 2,000 వాట్ల ఇన్వర్టర్ మాత్రమే ఉన్నాయని నేను రెండుసార్లు చెప్పాను. "ఆ ఇన్వర్టర్ ధారాళంగా సరిపోతుంది" అని అతను భుజం తట్టాడు. మోటారు 1,300 వాట్లదే కదా అని నేనూ తలూపాను. ఆ 1,300 వాట్లను 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఇన్వర్టర్ ద్వారా లాగితే 120 ఆంపియర్లు అవుతుందని, పైగా మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో దానికి అనేక రెట్లు కావాలని కాగితం మీద లెక్క వేసుకోకపోవడం మాత్రం నా తప్పే.

మావగారు ముప్పై ఏళ్లు సరుకు ఓడల్లో ఇంజనీరుగా పనిచేసినవారు. ఆ ఓడల్లో ప్రధాన ఇంజన్‌ను చల్లబరిచి వేడెక్కిన నీటితోనే, గాలి తీసేసిన గదిలో సముద్రపు నీటిని తక్కువ వేడికే మరిగించి, ఆ ఆవిరిని మంచినీరుగా పడతారు. ఎటూ వృథాగా పోయే వేడితో జరిగే పని కనుక నీళ్ల కోసం విడిగా ఇంధనం కాల్చనక్కరలేదు. ఆయన మా యంత్రాన్ని చూసి అడిగిన మొదటి మాట, "దీనికి కరెంటు ఎక్కడిది, అల్లుడు గారూ?" అని. నేను ఇన్వర్టర్‌ను చూపించాను. ఆయన మరేమీ అనలేదు. మా ఆవిడ మాత్రం ఆ మౌనాన్ని బాగా గుర్తుపెట్టుకుంది.

గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహాన్ని దాటి బహామాస్‌లోని బిమిని దీవి చేరడం ఒక్క పగటి పని. 35 అడుగులు దాటిన పడవ కనుక అనుమతికి 300 డాలర్లు కట్టాము. అక్కడి అధికారులు మర్యాదస్తులు. రాజధాని నాసావ్ రేవులో నీటిపై నూనె తెట్టు కనిపించింది. నూనె తగిలితే యంత్రంలో ఉప్పును ఆపి మంచినీటిని మాత్రమే పోనిచ్చే పొర, అంటే మెంబ్రేన్, పాడవుతుంది కనుక అక్కడ దానిని వేసే ప్రసక్తే లేదు. ఎగ్జూమా దీవుల మొదట్లో, అడుగున ఇసుక రేణువులు కనిపించేంత తేట నీటిలో లంగరు వేసి తొలిసారి మీట నొక్కాము. మోటారు మూలిగింది, దీపాలు మసకబారాయి, ఇన్వర్టర్ కీచుమని ఆగిపోయింది. నాలుగోసారి ఎలాగో తిరిగి, ఇరవై ఐదు నిమిషాల్లో సుమారు ఎనిమిది గాలన్లు ఇచ్చి బ్యాటరీని కుంగదీసింది. ఆ రాత్రి ఫ్రిజ్ కట్టేశాము. తెల్లవారేసరికి పెరుగు పులిసిపోయింది. మావగారికి పెరుగు లేనిదే ముద్ద దిగదు.

ఇక నీళ్లు కొనక తప్పలేదు. ఆ దీవుల మధ్యలో పడవలు కట్టుకునే ఒక మరీనా ఉంది. రాత్రికి బస చేస్తేనే నీళ్లు పోస్తారట. పడవ పొడవులో అడుగుకు మూడున్నర డాలర్ల చొప్పున 133 డాలర్లు బసకు, నీళ్లు గాలనుకు 50 సెంట్లు. మా ట్యాంకు 90 గాలన్లది, అందులో అప్పటికే కొంత నీరుంది, అయినా మీటరు 112 గాలన్లు చూపించింది. అడిగితే అక్కడి మనిషి నా ముఖమైనా చూడకుండా, మీ గొట్టం కారిందేమో అన్నాడు. గొట్టం వాళ్లదే! పది శాతం పన్నుతో కలిపి 207 డాలర్ల 90 సెంట్లు చెల్లించాము. స్నానాల గది గడియ విరిగి ఉంది, వేడినీళ్లు లేవు. మా ఆవిడ ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడలేదు. మావగారు మాత్రం రేవు గట్టు మీద కూర్చుని సొరచేపలను చూస్తూ హాయిగా ఉన్నారు.

మా కళ్లు తెరిపించినది వార్డెరిక్ వెల్స్ దీవి. అది 1958లో ఏర్పడిన సముద్ర రక్షిత వనానికి కేంద్రం. మా పక్కనే కెనడాకు చెందిన వృద్ధ దంపతుల పడవ కట్టి ఉంది. మధ్యాహ్నం వేళల్లో దానిలోంచి మెల్లగా టిక్, టిక్ అనే చప్పుడు తప్ప మరేమీ వినిపించేది కాదు. మావగారు మా చిన్న పడవ డింగీలో వారి దగ్గరికి వెళ్లి గంటన్నర తరువాత మెరిసే ముఖంతో తిరిగొచ్చారు. ఆ చప్పుడు వారి మంచినీళ్ల యంత్రానిది: స్పెక్ట్రా వెంచురా 150, 12 వోల్టులది. తొమ్మిది ఆంపియర్లతో గంటకు సుమారు 24 లీటర్లు ఇస్తుంది.

ఇంత తేడా ఎందుకో ఆయన రాత్రి భోజనాల దగ్గర వివరించారు. మంచినీరు మెంబ్రేన్ దాటాలంటే సముద్రపు నీటిని సుమారు 55 బార్ల, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 55 రెట్ల ఒత్తిడితో నెట్టాలి, కాని అలా నెట్టిన నీటిలో పదో వంతు మాత్రమే మంచినీరై దాటుతుంది. మిగిలిన తొమ్మిది వంతుల ఉప్పునీరు అదే ఒత్తిడితో బయటికి వస్తుంది. మా యంత్రం ఆ ఒత్తిడిని ఒక కవాటం గుండా సముద్రంలోకి వదిలేస్తుంది, వారి యంత్రంలోని పంపు దానినే తిరిగి వాడుకుని కొత్త నీటిని నెడుతుంది. లెక్క వేస్తే ఒక ఆంపియర్-అవర్‌కు మాకు దక్కేది ముప్పావు లీటరు కన్నా తక్కువ, వారికి రెండున్నర లీటర్లకు పైనే. అప్పటికి నా ముద్ద గొంతులో అడ్డం పడింది.

మరునాడు ఆయన మా యంత్రం గొట్టాలన్నీ వెతికి, మెంబ్రేన్‌ను మంచినీటితో కడిగే దారిలో, క్లోరిన్‌ను పట్టి ఆపడానికి ఉండవలసిన కార్బన్ ఫిల్టర్ లేదని కనిపెట్టారు. రేవుల్లో పట్టుకునే కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటే అది మెంబ్రేన్‌ను తినేస్తుంది. పట్టుమని 20 డాలర్లు చేయని వస్తువు, 1,400 డాలర్ల బిగింపులో కనిపించలేదు. నిజం చెప్పాలంటే నాకు ఆ రేవు మనిషి మీద కన్నా ఈ దుకాణదారుడి మీదే ఎక్కువ కోపం వచ్చింది.

స్టానియల్ కే, పందులు ఈదే దీవి ఒక్క రోజులో చూసేశాము. జార్జ్‌టౌన్‌లో కిరాణా దుకాణం వెనుక డింగీలు కట్టే చోట మంచినీళ్లు ఉచితం! క్యాన్లతో పదకొండుసార్లు మోశాను. ఆ నీళ్లతో మా ఆవిడ తలంటుకుని, పులిహోర చేసి, మాటలు మళ్లీ మొదలుపెట్టింది.

ఇద్దరే ఉండి, నీళ్లు పొదుపుగా వాడేవారికి కటాడిన్ 40ఈ అనే చిన్న యంత్రం చాలు. నాలుగు ఆంపియర్లతో గంటకు 5.7 లీటర్లు ఇస్తుంది, కాని రోజూ గంటల తరబడి అది తిరుగుతూనే ఉండాలి. రెయిన్‌మాన్ వంటి పెట్రోలు ఇంజన్ పెట్టె పెద్ద మెంబ్రేన్లతో గంటకు 140 లీటర్ల దాకా ఇస్తుంది, పడవకు బిగించే పనీ లేదు, కాని పడవలో పెట్రోలు దాచడం మా ఆవిడకు ఇష్టం లేదు, ఆ చప్పుడు నాకు ఇష్టం లేదు. ఏది కొన్నా వారానికోసారైనా క్లోరిన్ లేని మంచినీటితో కడగాలి, నెలల తరబడి వాడకపోతే సంరక్షక ద్రావణం నింపి ఉంచాలి. బద్ధకస్తులకు ఈ యంత్రం వద్దు.

తిరిగి రాగానే దుకాణదారుడి దగ్గరికి వెళితే, బిగించిన సరుకు వెనక్కి తీసుకోనన్నాడు. ఏప్రిల్‌లో 12 వోల్టుల యంత్రం, కార్బన్ ఫిల్టరుతో సహా 7,400 డాలర్లకు కొన్నాము. మావగారు విశాఖ విమానం ఎక్కేలోగా ఇద్దరమూ నాలుగు రోజుల్లో బిగించాము. ముగ్గురికి రోజుకు కావలసిన 45 లీటర్లు రెండు గంటలలోపే వస్తున్నాయి, పద్దెనిమిది ఆంపియర్-అవర్లకు మించి ఖర్చు కావడం లేదు. సౌర పలకలే దానిని పూడ్చేస్తున్నాయి. పాత యంత్రాన్ని జనరేటర్ ఉన్న ఒక పెద్ద పడవ యజమాని 3,400 డాలర్లకు తీసుకున్నాడు. గంటకు 20 గాలన్లు నిజంగానే వస్తున్నాయని, చాలా మంచి యంత్రమని మొన్న ఫోను చేసి చెప్పాడు.