అమ్మానాన్నలతో చెన్నై నుంచి కారులో: అరుణాచలమా, తంజావూరా?

ఊరి నుంచి అమ్మానాన్నలు చెన్నై వస్తే మొదటి రెండు రోజులూ మెరీనా, మైలాపూర్ కపాలీశ్వరుడి గుడి, టి.నగర్ చీరల కొట్లతో ఇట్టే గడిచిపోతాయి. ఆ తర్వాత వాళ్లకి ఫ్లాట్‌లో టీవీ ముందు కూర్చోవడమే మిగులుతుంది. మనం ఆఫీసుకి వెళ్లిపోతాం. పక్కింటివాళ్లతో మాట్లాడదామంటే తమిళం రాదు. "ఇక్కడ ఎలా ఉంటున్నార్రా మీరు" అని అమ్మ అడిగినప్పుడు, అది ఇల్లు చూసి అడిగిన మాట కాదని మనకి తెలుస్తుంది. బిడ్డ పరాయి చోట ఒంటరిగా ఉన్నాడేమోనన్న బెంగ అది. అందుకే వాళ్లొచ్చినప్పుడు నాలుగు రోజులు సెలవు పెట్టి, మనం బతుకుతున్న ఈ నేలని కారులో తిప్పి చూపించాలని నా గట్టి నమ్మకం. ఎటు తీసుకెళ్లాలన్నదే ప్రశ్న.

ఇక్కడి తెలుగువాళ్లలో ఎవర్నడిగినా వచ్చే జవాబు అరుణాచలం. నేనైతే తంజావూరు అంటాను. అరుణాచలం గొప్పతనాన్ని రవ్వంత కూడా తగ్గించకుండానే ఆ మాట అంటున్నాను.

ముందు ఈసీఆర్, అదే ఈస్ట్ కోస్ట్ రోడ్డు సంగతి చెప్పేస్తే ఓ పని అయిపోతుంది. సముద్రం పక్కనే రోడ్డు, యాభై అరవై కిలోమీటర్లలో మహాబలిపురం, నూటయాభైలో పుదుచ్చేరి. మధ్యలో ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్రలో పాతకాలపు ఇళ్లున్నాయి, అందులో మన ఆంధ్ర తీరపు ఇల్లు కూడా ఉంది. మంగళవారం మాత్రం మూసేస్తారు. మహాబలిపురంలో పంచరథాలు ఒక్కొక్కటీ రాతిని తొలిచి చేసినవని చెప్తే ఎవరికైనా కళ్లు పెద్దవవుతాయి. ఒక్క రోజే దొరికితే ఇదే మేలు, ఇందులో ఆలోచించాల్సింది లేదు. కానీ రాత్రికి ఇంటికొచ్చేశాక చెప్పుకోవడానికి ఫొటోలు తప్ప పెద్దగా మిగలదు.

అరుణాచలం ఒకటిన్నర రోజు పని. చెన్నై నుంచి దాదాపు 190 కిలోమీటర్లు. తెల్లారకుండా బయల్దేరితే ముందు కంచిలో కామాక్షిని, వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని చూసుకుని, వందవాసి మీదుగా సాయంత్రానికి తిరువణ్ణామలై, అదే మన అరుణాచలం చేరొచ్చు. ఇక్కడ పెద్దవాళ్లకి భాష కష్టం ఉండదు. బోర్డులు తెలుగులో, ఆటోవాడు తెలుగులో, ఆంధ్రా మెస్సులో పప్పూ పచ్చడీ. ఆ గుడి కూడా మనకి కొత్తది కాదు. 217 అడుగుల తూర్పు రాజగోపురాన్ని మొదలుపెట్టింది కృష్ణదేవరాయలు, పూర్తి చేసింది తంజావూరు సేవప్ప నాయకుడు. వెంకట్రామన్‌గా వచ్చిన బ్రాహ్మణస్వామికి 1907లో రమణ మహర్షి అన్న పేరు పెట్టింది బొబ్బిలి ప్రాంతపు కావ్యకంఠ గణపతి ముని. చలం 1950లో ఇక్కడికొచ్చి 1979లో పోయేదాకా ఇక్కడే ఉన్నాడు. రమణాశ్రమంలో ఒక పూట ఊరికే కూర్చున్నా మనసుకి హాయిగా ఉంటుంది.

మరి ఎందుకు కాదంటున్నాను? అది యాత్ర అయిపోతుంది కాబట్టి. అమ్మానాన్నలు ప్రవచనాలు విని, చుట్టాల దగ్గర విని, ఆ కొండని ముందే మనసులో చూసేసి వస్తారు. దర్శనం క్యూలో గంటలు గడుస్తాయి. పౌర్ణమి అయితే ఊళ్లో కారు కదలదు. 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ ఆటోలో చేద్దామంటే "ఆటోలో చేస్తే పుణ్యం దక్కుతుందా" అని అమ్మకి ఒక సందేహం, మోకాళ్లు చూస్తే నడవలేవు. దర్శనం అవగానే "వచ్చిన పని అయింది, ఇక వెళ్దాం" అంటారు. మొక్కు తీరింది, తృప్తిగా ఉంది, అది చిన్న విషయం కాదు. కానీ బిడ్డ ఉంటున్న చోటు గురించి వాళ్లకి కొత్తగా ఏమీ తెలియలేదు. చుట్టూ మన ఊరివాళ్లే కనిపించారు, వాళ్లూ మొక్కుకోసం వచ్చినవాళ్లే.

కావేరి వైపు, అంటే తంజావూరు దారిలో వెళ్తే జరిగేది వేరు. మాది కోనసీమ, నాన్న రైతు. అందుకే ఈ దారి నన్ను ఇంత గట్టిగా పట్టుకుంది కాబోలు. అయినా గోదావరి జిల్లాల వాళ్లకే కాదు, తెలుగు చదువుకున్న ఏ అమ్మానాన్నలకైనా ఇక్కడ వాళ్లదే అయినది ఏదో ఒకటి కనిపిస్తుంది.

మొదటిరోజు పుదుచ్చేరిలో భోజనానికి ఆగితే చాలు. మనకి వంతెన దాటితే వచ్చే యానాం, పాలన విషయంలో ఈ ఊరికి చెందుతుందని చెప్పండి. 1954 దాకా రెండుచోట్లా ఫ్రెంచివాళ్లే. రాత్రికి చిదంబరం. నటరాజస్వామిని సాయంత్రం పూజలో చూసుకుని అక్కడే పడుకోవాలి.

రెండోరోజు నాకు అన్నిటికన్నా ఇష్టం. చిదంబరం నుంచి గంట దాటితే గంగైకొండ చోళపురం. రాజేంద్ర చోళుడు కట్టించిన ఊరు. ఇప్పుడు పొలాల మధ్య ఒక పెద్ద గుడి, చుట్టూ పచ్చిక, అంతే. జనం ఉండరు, పెద్దవాళ్లు నెమ్మదిగా తిరగొచ్చు. అక్కడ నిలబెట్టి నాన్నకి ఒక్క మాట చెప్పండి: ఇది రాజమహేంద్రవరం రాజరాజ నరేంద్రుడి మామగారి ఊరు. నన్నయని ఆదరించిన ఆ రాజు భార్య అమ్మంగదేవి, రాజేంద్ర చోళుడి కూతురు. నరేంద్రుడి తల్లి కుందవ్వ కూడా చోళుల ఆడపడుచే, రాజరాజ చోళుడి బిడ్డ. నరేంద్రుడి కొడుకే 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. అంటే గోదావరి ఒడ్డు రాకుమారుడు అమ్మమ్మగారి దేశానికొచ్చి రాజయ్యాడు. మా నాన్న ఇది విని గుడి చుట్టూ ఇంకోసారి తిరిగొచ్చారు.

అక్కణ్ణుంచి కుంభకోణం వెళ్లే దారిలో అణైకరై వస్తుంది. కావేరి పాయ కొల్లిడం మీద దిగువ ఆనకట్ట. 1836లో కొల్లిడం మీద ఆనకట్టలు కట్టించింది ఆర్థర్ కాటన్, మన కాటన్ దొరే. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో, పూర్తయింది 1852లో. గోదావరి స్నాన సంకల్పంలో ఆయన్ని భగీరథుడని తలుచుకునే శ్లోకం చదివే ఊరివాళ్లం మేం. ఇక్కడ కారు ఆపించి నాన్న చాలాసేపు నీళ్లకేసి చూశారు. "అయితే ఈయన ఇక్కడ చేసి చూసి, తర్వాత మన దగ్గరికొచ్చాడన్నమాట" అన్నారు. ఆ తర్వాత కారులో మాటలన్నీ ఆయనవే. పంట కాలవలు ఎటు పారుతున్నాయో, సాంబా వరి కోతకొచ్చిందో లేదో, గట్ల మీద కొబ్బరి మనంత వత్తుగా ఎందుకు లేదో. అంతవరకూ చూపించేవాణ్ణి నేను. అక్కణ్ణుంచి నాన్న చెప్తుంటే నేను విన్నాను.

కుంభకోణంలో మంచి కాఫీ తాగి, పక్కనే దారాసురం గుడి చూసుకుని రాత్రి అక్కడే ఉండండి. మూడోరోజు తంజావూరు. రాజరాజ చోళుడు 1010లో పూర్తిచేసిన పెద్ద గుడిని పొద్దున్నే చూడాలి. ఎండెక్కితే రాతి నేల మీద అమ్మ ఒట్టికాళ్లతో నడవలేదు, సాక్సులు సంచిలో పెట్టుకోండి. ప్రాంగణమంతా చదునుగా ఉంటుంది, పెద్దగా ఎక్కి దిగేదేమీ లేదు.

తర్వాత రాజభవనం, అందులో సరస్వతీ మహల్ గ్రంథాలయం. 1532 నుంచి 1673 దాకా తంజావూరును ఏలింది తెలుగు నాయకులు. రఘునాథ నాయకుడు స్వయంగా తెలుగు కవి. తర్వాతొచ్చిన మరాఠా రాజులు కూడా తెలుగుని వదల్లేదు, శాహజీ అయితే తెలుగులో యక్షగానాలు రాశాడు. మెలట్టూరు అన్న పల్లె ఇక్కడికి దగ్గర్లోనే ఉంది. అక్కడ ఇప్పటికీ నరసింహ జయంతి రోజుల్లో రాత్రంతా తెలుగు భాగవతమేళ నాటకాలు ఆడతారు. అచ్యుతప్ప నాయకుడు భూములిచ్చి నిలబెట్టిన తెలుగు కుటుంబాల ఊరది. నాలుగైదు వందల ఏళ్లుగా మనవాళ్లు ఈ నేల మీదే ఉన్నారు, మన మాటని పోగొట్టుకోకుండా ఉన్నారు. అమ్మకున్న బెంగకి నా దగ్గరున్న జవాబు అదే.

సాయంత్రం తిరువయ్యారు, పదమూడు కిలోమీటర్లు. త్యాగరాజస్వామి పూర్వీకులు కాకర్ల నుంచి వచ్చినవాళ్లు. ఆయన పుట్టింది తిరువారూరులో, పెరిగింది, పాడుకుంది, 1847లో సమాధి అయింది ఈ కావేరి ఒడ్డున. సమాధి మీద గుడి కట్టించింది గాయని బెంగళూరు నాగరత్నమ్మ. ఆరాధనలో ఆడవాళ్లని పాడనివ్వని రోజుల్లో గట్టిగా నిలబడి పోరాడింది కూడా ఆవిడే. ఆవిడ సమాధి కూడా అక్కడే ఉంది. అమ్మ రెండుచోట్లా దణ్ణం పెట్టుకుంది. పుష్య బహుళ పంచమి ఆరాధన రోజుల్లో మాత్రం పెద్దవాళ్లతో వెళ్లొద్దు. గదులు దొరకవు, కూర్చోవడానికి చోటు దొరకదు. మామూలు రోజు వెళ్తే ఆ కావేరి మెట్ల మీద మీరు తప్ప ఎవరూ ఉండకపోవచ్చు. ఒక కీర్తన పాడాలనిపిస్తే మొహమాటపడక్కర్లేదు.

కావేరి దారిలో ఇబ్బందులు లేవని అనను. తంజావూరు చెన్నైకి దాదాపు 340 కిలోమీటర్లు, తిరుగు ప్రయాణం ఒక రోజంతా పడుతుంది. గుళ్లు మధ్యాహ్నం పన్నెండు దాటితే మూసేసి మళ్లీ నాలుగింటికి తెరుస్తారు, ప్రయాణం ఆ వేళల్లో పెట్టుకోవాలి. భోజనంలో చాలాచోట్ల ఉప్పుడు బియ్యం అన్నం పెడతారు, అమ్మవాళ్లకి అది గొంతు దిగదు. "పచ్చరిసి" అని అడిగితే కొన్నిచోట్ల మన అన్నమే దొరుకుతుంది. ఆవకాయ సీసా ఎలాగూ తప్పదు. మే నెల ఎండల్లో, నవంబరు వానల్లో పెట్టుకోవద్దు. సంక్రాంతి దాటాక రెండు నెలలు అన్నిటికన్నా మంచివి.

సొంత కారున్నా డ్రైవర్ని మాట్లాడుకోమంటాను. బేటా (డ్రైవర్ రోజు భత్యం), రాత్రి బస ఖర్చు పైన పడతాయి, అయినా సరే. మనం స్టీరింగ్ పట్టుకుంటే అద్దంలో తప్ప అమ్మ మొహం కనిపించదు. వెనక సీట్లో ఆవిడ పక్కన కూర్చుంటే ఇంట్లో ఎన్నడూ చెప్పని సంగతులు చెప్తుంది.

ఎవరికి ఏది అంటే, మొక్కు ఉంటే వాదించకుండా అరుణాచలమే వెళ్లండి. నాలుగు రోజుల కారు ప్రయాణాన్ని మోకాళ్లు తట్టుకోలేకపోయినా, సెలవు రెండు రోజులకి మించకపోయినా అంతే. నాలుగు రోజులుంటే, వాళ్లలో ఒక్కరికైనా వ్యవసాయమో చరిత్రో పాటో ఇష్టమైతే తంజావూరు వెళ్లండి. రెండూ ఒకే ట్రిప్‌లో కలిపేద్దామని చూడొద్దు, పెద్దవాళ్లు అలిసిపోయి రెండింటినీ సగం సగం చూస్తారు. దానికి బదులు నాలుగోరోజు తంజావూరు నుంచి కల్లణై మీదుగా తిరుచ్చి వచ్చి హైవే ఎక్కండి. కరికాల చోళుడు కట్టించాడని చెప్పుకునే ఆనకట్ట అది, కాటన్ శ్రద్ధగా చూసి నేర్చుకున్నదీ అదే. అక్కడ నాన్న అడగబోయే ప్రశ్నలకి జవాబులు ముందురోజు రాత్రే చదివిపెట్టుకోండి.