హీట్ డైపర్లు, స్ప్రేలు, బోర్డింగ్: ఏది కొనాలి, ఏది వద్దు

ఆపరేషన్ చేయించని ఆడకుక్క, మగకుక్క ఒకే ఇంట్లో ఉన్నవాళ్ల కోసం ఈ రివ్యూ. ఆడది హీట్‌కి (ఎదకి) రాగానే కంగారుపడి షాపుకెళ్లి చేతికందింది తెచ్చేసుకుంటారు. నెల్లూరు, ఒంగోలు వాళ్లకి షాపుల్లో గానీ ఆన్‌లైన్లో గానీ దొరికేవి ఇవీ: వాడి పారేసే డైపర్లు, ఉతుక్కునే గుడ్డ ప్యాంటీలు, మగకుక్క నడుముకి చుట్టే పట్టీలు, వాసన పోగొడతామనే స్ప్రేలు, ఇనప తీగల బోన్లు. ఇవి కాక మగకుక్కని కొన్నాళ్లు ఉంచుకునే బోర్డింగ్. మా మాట ముందే చెప్తున్నాం. గుడ్డ ప్యాంటీలు కొనండి, వీలుంటే మగకుక్కని బోర్డింగ్‌లో పెట్టండి, స్ప్రే మీద రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. ప్యాకెట్ మీద ఏం రాసున్నా సరే, డైపర్ ఉన్నది నేల శుభ్రంగా ఉండడానికే. కడుపు రాకుండా ఆపేది తలుపు ఒక్కటే.

ఎన్నాళ్లు కాపు కాయాలో తెలియకపోతే ఏ సామాను కొన్నా వృథానే. హీట్ సుమారు 3 వారాలు ఉంటుంది. మొదటి 7-10 రోజులు మానం ఉబ్బి ఎర్రటి రక్తం కారుతుంది. మగకుక్క వెంటపడితే ఆడది గుర్రుమంటుంది, కూలబడుతుంది. తర్వాత రక్తం పలచబడి లేత గులాబీ రంగుకో ఎండుగడ్డి రంగుకో మారుతుంది, ఉబ్బు మెత్తబడుతుంది. నడుం మీద చెయ్యేస్తే తోక పక్కకి తిప్పి కదలకుండా నిలబడుతుంది. మగదాన్ని రానిచ్చేది ఇప్పుడే. రక్తం తగ్గింది, ఇంక అయిపోయిందిలే అని చాలా ఇళ్లల్లో తలుపులు తీసేదీ ఇప్పుడే. అలాగని మొదటి వారం నిశ్చింతగా ఉండడానికీ లేదు. వీర్యకణాలు ఆడకుక్క కడుపులో వారం దాకా బతకగలవు. అందుకే రక్తం కనిపించిన రోజు క్యాలెండర్ మీద రాసుకుని, అక్కణ్ణుంచి 4 వారాలు రెండిటినీ విడిగా ఉంచాలి. అన్నాచెల్లెళ్లనీ తల్లీకొడుకులనీ కుక్కలకి తేడా ఉండదు. ఒకే ఈతలో పుట్టినవైనా 6 నెలలు దాటితే ఇదే జాగ్రత్త.

వాడి పారేసే డైపర్లు ప్రయాణానికీ, ఇంటికి చుట్టాలొచ్చిన రోజుకీ బాగుంటాయి. మూడు వారాలూ వీటితోనే నెట్టుకురావడం మాత్రం దండగ. 3-4 గంటలకొకటి మార్చాలి కాబట్టి రోజుకి 5 అనుకున్నా 21 రోజులకి 105. ప్యాకెట్‌కి 12 ఉంటే 9 ప్యాకెట్లు. సైజు బరువుని బట్టి తీసుకోకండి, ఒకే బరువున్న లాబ్రడార్‌కీ జర్మన్ షెపర్డ్‌కీ నడుము ఒకటిగా ఉండదు. వెనక తొడలకి కాస్త ముందు టేపు చుట్టి కొలవండి. వేశాక నడుం దగ్గర రెండు వేళ్లు దూరాలి. అంతకన్నా వదులైతే కూర్చుని లేచేసరికి జారిపోతుంది, బిగుతైతే తొడల మధ్య ఒరుసుకుంటుంది. రోహిణి కార్తె ఎండల్లో డైపర్ లోపల చెమ్మ నిలిచి చర్మం ఎర్రబడుతుంది, మూత్రంతో తడిసిన డైపర్ అలాగే ఉంచితే ఇన్ఫెక్షన్ వస్తుంది. మార్చిన ప్రతిసారీ గోరువెచ్చటి నీళ్లతో తుడిచి ఆరనిచ్చి వేయాలి. రాత్రిళ్లు విప్పేసి, తలుపు గడియపెట్టిన గదిలో పాత పంచె పరిచి పడుకోబెట్టడం మంచిది.

ఖర్చు కలిసొస్తుందని పిల్లల డైపర్‌కి తోక బెజ్జం కోసి వేసేవాళ్లున్నారు. పని జరుగుతుంది గానీ, కోసిన అంచు నుంచి లోపలి జెల్ గుళికలు రాలతాయి. అంచు చుట్టూ ప్లాస్టర్ అంటించాల్సిందే. ఏ డైపరైనా నమిలే అలవాటున్న కుక్కకి వేసి ఒంటరిగా వదలకూడదు. ఆ జెల్ కడుపులో నీళ్లు పీల్చుకుని ఉబ్బి పేగుకి అడ్డం పడుతుంది, అప్పుడు కడుపు కోసి తీయాల్సి వస్తుంది.

మా ఓటు గుడ్డ ప్యాంటీకే. కనీసం 4 ఉండాలి: ఒంటిమీద ఒకటి, ఉతుకులో ఒకటి, ఆరుతూ ఒకటి, చేతిలో ఒకటి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు ముసురు పడితే దండెం మీద రెండు రోజులైనా ఆరవు, ఆ నెలల్లో 6 పెట్టుకోండి. లోపలి ప్యాడ్ విడిగా ఊడొచ్చే రకం తీసుకుంటే ప్యాంటీ మార్చకుండా ప్యాడ్ మార్చితే సరిపోతుంది. రక్తం మరకలు ముందు చన్నీళ్లలో నానబెట్టాలి, వేణ్ణీళ్లు పోస్తే మరక గుడ్డకి పట్టేస్తుంది. ఉతికేముందు వెల్క్రో మూసేయండి, తెరిచి వేస్తే వెంట్రుకలన్నీ దానికే అతుక్కుని నాలుగు ఉతుకులకి పట్టు పోతుంది. పమేరియన్ లాంటి బొచ్చు కుక్కలకి వెల్క్రో కన్నా గుండీలున్నదే నయం.

ఇక్కడ తయారీదార్లు పట్టించుకోని లోపం ఒకటుంది. చాలా ప్యాంటీలకి లోపలి గుడ్డ నలుపో ముదురు ఎరుపో పెడతారు, మరక కనపడదని. కానీ హీట్ ఎంతవరకు వచ్చిందో మనకి చెప్పేది ఆ మరక రంగే. అది కనిపించకపోతే ప్రమాదకరమైన రోజులు ఎప్పుడు మొదలయ్యాయో తెలియదు. తెల్ల నూలు గుడ్డ నాలుగు మడతలు వేసి లోపల పెట్టండి, రోజూ పొద్దున ఒకసారి వెలుతుర్లో చూడండి.

మగకుక్క నడుము పట్టీ సోఫా కాళ్ల మీదా గోడల మీదా మూత్రం పోయకుండా ఆపుతుంది. అంతకు మించి దానికి పనిలేదు. పట్టీ జరగడానికి క్షణం పట్టదు.

స్ప్రేల మాట. మగకుక్కని లాగే వాసన ఆడదాని మూత్రంలో, స్రావంలో ఉంటుంది, వీపు మీద జల్లిన సెంటు దాన్ని కప్పలేదు. వాసన తగ్గుతుందని మింగించే క్లోరోఫిల్ మాత్రలూ అంతే, వాటిని నమ్ముకుని ఎడం తగ్గించకూడదు. తోకకి జలుబు బామ్ రాయమని సలహాలు ఇస్తుంటారు, దయచేసి రాయకండి. అందులో కర్పూరం ఉంటుంది, నాకితే కుక్కకి విషం, ఆ సున్నితమైన చోట తగిలితే మంట. దానికన్నా ఆడది మూత్రం పోసిన చోటల్లా వెంటనే సబ్బునీళ్లతో కడిగేయడం మేలు.

తీగల బోను విషయంలో గట్టిగా చెప్పాలి. బోను చువ్వల సందుల్లోంచి కూడా జతకట్టగలవు. వరండాల్లో ఉండే మడత గేటు, గ్రిల్ తలుపూ అంతే. బోనే కావాలంటే తలుపుతో సహా నాలుగు వైపులా ప్లైవుడ్ చెక్క కట్టండి. గాలి ఆడాలి కాబట్టి పైన మూయకండి. బోను కన్నా మంచి పద్ధతి రెండు తలుపుల లెక్క: ఆడదానికీ మగదానికీ మధ్య ఎప్పుడూ రెండు మూసిన తలుపులుండాలి, ఒకరు మర్చిపోయి ఒకటి తీసినా రెండోది ఉంటుంది. ఒకదాన్ని బయటికి వదిలేముందు రెండోది గదిలో ఉందని కళ్లారా చూసుకోవాలి. పిల్లలూ పనిమనిషీ వచ్చిపోయే ఇంట్లో తలుపు తీయొద్దని రాసి కాగితం అంటించండి.

వీధి కుక్కలకి ప్రహరీ ఒక లెక్క కాదు, గోడవార ఇసక కుప్పో ఇటుకలో ఉంటే ఎక్కి దూకేస్తాయి. గేటు కింద సందుకి రేకు కొట్టించండి, మురుగు నీటి తూముకి జాలీ పెట్టండి. ఆడదాన్ని వీధిలోకి తీసుకెళ్లకుండా మిద్దె మీద ఇసక ట్రే పెట్టి అక్కడే అలవాటు చేయగలిగితే సగం గొడవ తప్పుతుంది. మిద్దె నేల కాలకముందు పొద్దున్నే, మళ్లీ పొద్దుగూకాక తీసుకెళ్లాలి.

రొయ్యల గుంటల కాడ, నిమ్మతోటల్లో కాపలాకి రెండు మూడు కుక్కల్ని పెంచేవాళ్లకి డైపర్లు పనికిరావు. అక్కడ మామూలుగా చేసేది ఆడదాన్ని గొలుసుతో కట్టేయడం. గొలుసు ఆడదాన్ని పారిపోనివ్వదు, వచ్చే మగకుక్కల్ని మాత్రం ఆపదు. నాలుగైదు కుక్కలు ఒకదాని మీద పడి దాన్ని గాయపరుస్తాయి, మగవి ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి. మోటారు షెడ్డుకో మేత గదికో తలుపు బాగుచేయించి, నీళ్లూ గాలీ ఉండేలా చూసి లోపల పెట్టండి, లేదా ఆ నెల రోజులు ఇంటికి తెచ్చేయండి.

బోర్డింగ్‌కి పంపాల్సింది మగకుక్కని. హీట్‌లో ఉన్న ఆడదాన్ని చాలామంది తీసుకోరు, తీసుకున్నా అక్కడున్న మగకుక్కల మధ్య దానికి రక్షణ తక్కువ. ఇంట్లోనే ఉంచితే మగది రోజుల తరబడి అన్నం ముట్టదు, రాత్రంతా ఏడుస్తుంది, తలుపు గీరి గోళ్లు ఊడగొట్టుకుంటుంది. దూరంగా ఉంటే ఈ బాధ ఉండదు, కాబట్టి ఇది దాని మీద దయ కూడా. పంపేముందు వెళ్లి చూడండి: విడి గది ఉందా, కరెంటు పోతే ఫ్యాన్‌కి ఇన్వర్టర్ ఉందా, అక్కడ హీట్‌లో ఉన్న ఆడది ఏదైనా ఉందా, రేబిస్ టీకా కార్డు అడుగుతున్నారా. కార్డు అడగని చోట వదలకండి. 4 వారాలకి లెక్కగట్టి మాట్లాడుకోండి, 2 వారాలకే తెచ్చుకుంటే సరిగ్గా చెడ్డ రోజుల్లో ఇంటికొస్తుంది.

ఇంత చేసినా జతకట్టి లంకె పడితే కొట్టడం, నీళ్లు పోయడం, లాగడం చేయకండి, రెండిటికీ లోపల చిరుగుతుంది. 10-30 నిమిషాల్లో వాటంతటవే విడిపోతాయి. మర్నాడే డాక్టర్‌కి చెప్పండి. కడుపు పోవడానికని ఈస్ట్రోజన్ ఇంజెక్షన్ అడగొద్దు, అది ఎముక మజ్జని దెబ్బతీసే ప్రమాదం ఉంది, గర్భసంచికి చీము కూడా పట్టవచ్చు. 25-30 రోజులకి స్కానింగ్‌లో కడుపు సంగతి తేలుతుంది. పిల్లలు అక్కర్లేదనుకుంటే అప్పుడైనా గర్భసంచి తీసే ఆపరేషన్ గురించి మాట్లాడవచ్చు. జతకట్టకపోతే హీట్ అయిన 2-3 నెలలకి ఆపరేషన్ డేటు తీసుకోండి. మగదానికి చేయిస్తే మాత్రం ఆ తర్వాత 6 వారాలు ఆడదానికి దూరంగా ఉంచాలి, మిగిలిన వీర్యంతో కడుపు రావచ్చు.

హీట్ అయిపోయిందని తెల్ల గుడ్డలు పారేయకండి. గర్భసంచికి చీము పట్టే జబ్బు ఎక్కువగా హీట్ తర్వాత 4-8 వారాల మధ్య బయటపడుతుంది. ఆ రోజుల్లో నీళ్లు మామూలు కన్నా ఎక్కువ తాగుతున్నా, తిండి మానేసినా, వాంతులైనా, గుడ్డ మీద చీము మరక కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. కొన్నిసార్లు చీము బయటికి రాకుండా లోపలే నిండుతుంది, అప్పుడు మరక ఉండదు, పొట్ట మాత్రం ఉబ్బుతుంది. అది ఇంకా ప్రమాదం, ఆ రాత్రే డాక్టర్‌కి చూపించాలి.